హెర్షీ సంతలో కారు రేడియో

అమెరికాలో కూడా సంత జరుగుతుందంటే మా ఇంటావిడ నమ్మలేదు. నేనూ చూసేదాకా నమ్మలేదు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే ఊరుంది. చాకొలేటు ఊరు. పెద్దవీధి పేరు చాకొలేట్ ఎవెన్యూ. వీధి దీపాలకు కూడా చాకొలేటు బిళ్ళల ఆకారమే. 1950ల నడుమ నుంచీ ఏటా అక్టోబరు మొదట్లో అక్కడ పాతకార్ల సంత జరుగుతోంది. మా అమ్మాయి ఇంటికి అది దగ్గరే. పక్కింటి ముసలాయన, "రేడియో సామాను కోసం పోతున్నాను, వస్తారా?" అని అడిగాడు. "నాన్నా, మోకాళ్ళ నొప్పులంటూ అంతదూరం ఏం నడుస్తావు?" అంది అమ్మాయి. నడవకపోతే ఇంట్లో నేను చేసే రాచకార్యం ఏముంది గనక!

నేను పాతికేళ్ళపాటు బెజవాడలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. ట్రాన్సిస్టర్లు వచ్చి నా విద్యను అటకెక్కించాయి.

సంత అంటే సంతే! కనుచూపు మేర గుడారాలు. ఒకడు దీపాలు, ఒకడు స్టీరింగు చక్రాలు, ఇంకొకడు తలుపుల పిడులు మాత్రమే పరచుకు కూర్చున్నాడు. బేరాలు మన గుడివాడ సంతకు తీసిపోవు. నడుస్తూ ముసలాయన కారు రేడియో పుట్టుక చెప్పాడు. షికాగోలో పాల్ గాల్విన్ అనే ఆయన 1930లో తన కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల మహాసభకు వెళ్ళాడట. లోపల దుకాణం పెట్టే స్తోమతు లేక బయటే కారు నిలిపి, వచ్చేపోయే వాళ్ళకు పాట వినిపించి ఆర్డర్లు సంపాదించాడట. దానికే మోటరోలా అని పేరు. ధర 110 నుంచి 130 డాలర్లు. కొత్త ఫోర్డుకారే 500 డాలర్ల చిల్లరకు దొరికే రోజులవి!

మా ముసలాయనది 1936 ఫోర్డు. ఆయన తండ్రి కొన్న కారు. అందులోని రేడియోకు వైబ్రేటరు చెడింది. కారులో ఉన్నది ఆరు వోల్టుల బాటరీ. వాల్వులకు కావలసింది రెండువందల పైచిలుకు. వైబ్రేటరులోని చిన్న రేకు సెకనుకు నూరుసార్లకు పైగా కొట్టుకుంటూ కరెంటును తుంచి తుంచి పంపితే, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెంచుతుంది. రేడియో పెట్టగానే తుమ్మెదలా రొద చేసేది అదే. మూడుగంటలు తిరగ్గా ఒక అట్టపెట్టె అడుగున సరిపోయేది దొరికింది.

ఇంటికి చేరగానే దాన్ని గుచ్చబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి. పూర్వం ఒక డాక్టరుగారి కారు రేడియోకు కొత్త వైబ్రేటరు వేసి, దాని పక్కనుండే బఫర్ కండెన్సరు మార్చకుండా ఇచ్చేశాను. వారం తిరగకుండా ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది. మళ్ళీ అలాంటిది దొరకలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, దండించినా బాగుండేది.

"ముందు ఆ కండెన్సరు మార్చాలి" అన్నాను. "మీ చేత్తోనే మార్చండి" అన్నాడు ముసలాయన. చేతులా, వణుకుతున్నాయి! ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టి టంకం పెట్టాను. మైనపు కాగితపు కండెన్సర్లన్నీ ఊడదీసి కొత్తవి వేసేసరికి రెండు రోజులు పట్టింది.

మూడోనాటి సాయంత్రం రేడియోను డాష్‌బోర్డు కింద బిగించాం. ఆ కారు కప్పు నడుమ గుడ్డే. దాని కింద కోళ్ళ దొడ్డికి కట్టే వలలాంటి తీగ ఉంది. అదే ఏరియలు. స్విచ్చి వేశాం. తుమ్మెద రొద. వాల్వులు వేడెక్కేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. గరగర, ఈల, ఆపైన స్పష్టంగా మనిషి గొంతు! ఇంజను స్టార్టు చేస్తే మాత్రం పేలాలు వేగినట్టు ఒకటే చిటపట. ప్లగ్గుల తీగలకు సప్రెసర్లు తగిలించాక తగ్గింది. చీకటి పడ్డాక, రెండువందల మైళ్ళ అవతలి పిట్స్‌బర్గ్ నుంచి కె.డి.కె.ఎ. స్టేషను పలికింది. 1920లో మొదలైన స్టేషనది.

ముసలాయన ఇంజను ఆపేశాడు గాని రేడియో ఆపలేదు. "మా నాన్న ఈ సీటులోనే కూర్చుని వినేవాడు" అన్నాడు. బాటరీ దిగిపోతుందని చెప్పాను. వినిపించుకోలేదు. నేనూ మళ్ళీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు ముసలివాళ్ళం కలిసి కారు తొయ్యవలసి వచ్చింది.