రెండు సీసాలు

ఆ వేసవిలో మా ఆసుపత్రికి కొత్త పరిపాలనాధికారి వచ్చారు. లెక్కలలో దిట్ట, మందుల సంగతి ఎరుగరు. టీకాల గదిలోకి వస్తూనే, "ఎండలు ముదిరాయి, ఫ్రిజ్‌ను ఇంకా చల్లగా పెట్టండి" అని ఆజ్ఞాపించారు. పోలియో చుక్కలు గడ్డకట్టినా చెడవు. కానీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే శక్తిని కోల్పోతాయి. ఆ మాట చెబితే, "చల్లదనానికి మందు చెడుతుందా?" అని కోపగించుకున్నారు.

ఎదుట తలలూపాము, థర్మోస్టాట్‌ను మాత్రం తాకలేదు. ఆయన వెళ్ళాక మేము ముగ్గురం నవ్వుకున్నాము. రెండు రోజులకు ఆ నవ్వే మమ్మల్ని భయపెట్టింది. మేము లేనప్పుడు ఆయనే దానిని తిప్పిస్తే? టీకా వేయించుకున్న పసిబిడ్డకు రక్షణ ఉండదు. ఆ సంగతి తల్లికి తెలియనే తెలియదు.

గడువు తీరిన ఒకే బ్యాచి టీకా సీసాలు రెండు తీసుకున్నాము. ఒకదానిని గడ్డకట్టించి, కరగనిచ్చి, రెండింటినీ కుదిపి ఆయన బల్లపై ఉంచాము. అరగంటలో గడ్డకట్టిన సీసాలో మందు అడుగున పేరుకుంది. పైన తేటనీరు మిగిలింది. రెండవది మసక తెలుపుగానే ఉంది. ఆయన చాలాసేపు చూసి, "ఇది మొదటి రోజే చూపించవలసింది కదా!" అన్నారు.

మా వద్ద జవాబు లేదు. ఆయనకు తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మేము నవ్వుకొని ఊరుకోవడమే తప్పు. రోజుకు రెండు సార్లు ఉష్ణోగ్రత రాసే పుస్తకంలో ఆనాటి నుండి ఆయన సంతకం కూడా చేరింది. ఏడాదిగా మేము అడుగుతున్న జనరేటర్ మంజూరైంది. అది సాధించే దారి మాకు తెలియదు, ఆయనకు తెలుసు.