110 లీటర్ల స్నానం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పూల్ అని ఓ రేవు పట్టణం ఉంది. అక్కడి హై స్ట్రీట్‌ను రైలు పట్టాలు అడ్డంగా కోసుకుంటూ పోతాయి. గేటు పడిందంటే షాపింగ్ సంచులు, పిల్లల బండ్లు, కుక్కలు అన్నీ ఆగాల్సిందే. మన దగ్గరైతే గేటు కింద నుంచి సైకిల్ దూర్చేసే మహానుభావుడు ఒకడు కచ్చితంగా ఉంటాడు. ఇక్కడ అలాంటివాడు కనిపించలేదు, అంతే తేడా. గేటు లేచాక నేరుగా నడిస్తే వీధి చివర సముద్రం. అది రాకముందే నిమ్మ, లావెండర్, వెనిల్లా, మల్లె కలగలిసిన వాసనొకటి ముక్కుకు తగులుతుంది.

నేను వెళ్ళింది ఆ వాసన కోసమే.

హై స్ట్రీట్ 29వ నంబరు. లష్ అనే సబ్బుల కంపెనీ 1995లో మొదలైన చోటు. మీరు ఇన్‌స్టా రీల్స్‌లో చూసే ఉంటారు. ఓ రంగు బంతిని టబ్బులో వేయగానే బుసబుసమని పొంగి, నీళ్ళన్నీ గులాబీ, నీలం, ఊదా రంగుల్లోకి మారిపోతాయి. వాటినే బాత్ బాంబులంటారు. అవి పుట్టింది ఈ ఊళ్ళోనే. కంపెనీ పెట్టడానికి ఆరేళ్ళ ముందు, 1989లో, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ ఇంటి వెనక తోటలోని షెడ్డులో మొదటి బాంబు చేశారు. మామూలు స్నానపు నురగలు చర్మానికి పడని సున్నితం ఆవిడది. గ్లాసు నీళ్ళలో ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ళ బుస్సుమని కరగడం చూసి, ఇదే పని టబ్బులో ఎందుకు జరగకూడదు అనుకున్నారట. మొదట్లో వాటిని ఆక్వా సిజ్లర్స్ అని పిలిచేవారు. ఆవిడ, భర్త మార్క్, ఇంకొందరు కలిసి అప్పట్లో కాస్మెటిక్స్ టు గో అని పోస్టులో సామాన్లు పంపే వ్యాపారం నడిపారు. అది 1994లో మూతపడింది. మరుసటి ఏడాదే ఈ 29వ నంబరు.

ఆల్కా సెల్ట్‌జర్ మనకు పెద్దగా తెలీదు కానీ ఈనో తెలుసు కదా! పొట్ట బరువైతే తాగుతాం, టైమ్ లేకపోతే ఇడ్లీ పిండిలో కలిపేస్తాం. ఈనోలో అసలు సరుకు వంటసోడా, నిమ్మ ఉప్పు. బాత్ బాంబులోనూ అవే. పొడిగా ఉన్నంతసేపు ఆ రెండూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చుంటాయి. నీళ్ళు తగిలాయా, ఒకదాని మీద ఒకటి పడి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ గ్యాసే బుస. మిగతావన్నీ సువాసన నూనెలు, రంగు, కాస్త వెన్నలాంటి కొవ్వు. అందుకే దీన్ని బాత్రూమ్ అలమరలో దాచకూడదు. గాల్లో తేమకే మెత్తబడి, అసలు రోజున తుస్సుమంటుంది.

నేనుండేది రెడింగ్‌లో. అక్కడి నుంచి బోర్న్‌మత్ దాకా ఒకే రైలు, మారితే ఇంకో పావుగంటలో పూల్. శుక్రవారం సెలవు పెట్టి, టబ్బు ఉన్న చిన్న గెస్ట్ హౌస్‌లో రెండు రాత్రులు బుక్ చేసుకున్నా. ఇంట్లో టబ్బు లేదా అంటే ఉంది. ఇక్కడి అద్దె ఇళ్ళలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. కానీ మనవాళ్ళ ఇళ్ళలో దాని పని వేరు. టబ్బు బయట నేల మీద నీళ్ళు పడితే పోయే తూము ఉండదు కాబట్టి, టబ్బులో బక్కెట్టు, మగ్గు పెట్టుకుని అందులోనే నిలబడి స్నానం కానిచ్చేస్తాం. మూడేళ్ళు నేనూ అంతే. నిండా నీళ్ళు పట్టి అందులో పడుకోవడానికి మనసొప్పలేదు.

ఎందుకంటే మాది అనంతపురం.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. నా చిన్నప్పుడు మా వీధిలో కొళాయి మూడు రోజులకోసారి వచ్చేది. వచ్చిందంటే బడికి వెళ్ళేవాణ్ణి కూడా ఆపేసి బిందెలు మోయించేవాళ్ళు. ఆదివారం తలంటు రోజు మా అవ్వ రాగి అండాలో నీళ్ళు కాచి, సీకాయ పొడి పట్టించి, పిల్లకు ఇన్ని చెంబులని లెక్కపెట్టి పోసేది. కళ్ళు మండుతున్నాయి ఇంకో చెంబు పొయ్యవ్వా అంటే, "ముందు వాడి తల తడవనీ" అని తమ్ముణ్ణి చూపించేది. స్నానం చేసిన నీళ్ళు కాలువ వెంబడి అరటి చెట్టుకు పోయేవి. ఇలా పెరిగినవాడు రాత్రికి రాత్రి టబ్బులో కాళ్ళు చాపుకోగలడా!

షాపు లోపలికి వెళితే బాత్ బాంబులు సంతలో పండ్లలా గుట్టలు పోసి ఉన్నాయి. సబ్బులు పెద్ద పెద్ద దిమ్మలు, తూకం వేసి కోసిస్తారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఓ గిన్నెడు నీళ్ళలో బాంబు వేసి చూపించింది. పక్కనున్న ఆరేళ్ళ బాబుతో సమానంగా నేనూ నోరు తెరిచి చూశా. ఒక్కోటి ఆరేడు పౌండ్లు. అంటే 700 రూపాయలకు తక్కువ కాదు, పది నిమిషాల్లో కరిగిపోయే వస్తువుకి. నాలుగు కొన్నా. రెండు పూల్‌లో, రెండు ఇంటికెళ్ళాక.

మొదటి రాత్రి ట్విలైట్. లావెండర్ వాసన. గులాబీ రంగులో మొదలై లోపలి పొర బయటపడేసరికి నీలం అయింది. సముద్రం ఒడ్డున సంజె చీకటి పడ్డట్టుంది, పేరు సరిగ్గా సరిపోయింది. కాకపోతే లావెండర్ వెనకాల టోంకా అనే గింజ వాసన ఒకటి ఉంది. పాయసంలో యాలకులు మరిచి బాదం ఎక్కువ వేసినట్టు తియ్యగా. ఐదు నిమిషాలు బాగుంది, తర్వాత నీళ్ళలో కూర్చున్నానా, స్వీట్ షాపులో కూర్చున్నానా అనిపించింది. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది.

ఆ క్రెడిట్ లావెండర్‌దేనా అంటే నాకు నమ్మకం లేదు. 2019లో అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు పాత పరిశోధనలన్నీ జల్లెడ పట్టి ఒక మాట తేల్చారు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్ళతో స్నానం చేస్తే నిద్ర తొందరగా పడుతుందని. వేడికి చేతుల్లో, కాళ్ళలో రక్తప్రసరణ పెరుగుతుంది. బయటికొచ్చాక ఒళ్ళు వేడిని వదిలేసి చల్లబడుతుంది. ఆ చల్లబడటమే మెదడుకి 'ఇక పడుకో' అనే సిగ్నల్. ఇందులో బాంబు ప్రస్తావనే లేదు. పైగా నీళ్ళలో ఫోన్ పట్టుకోవడం కుదరదు. ఆన్‌కాల్ వారాల్లో రాత్రి రెండింటికి అలర్ట్ మోగితే లేచే నాలాంటివాళ్ళకి, ఆ ఇరవై నిమిషాలు ఫోన్ చేతికందకపోవడమే సగం మందు. (వేడి మరీ ఎక్కువైతే లేవగానే కళ్ళు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా ఈ ప్రయోగాలు చెయ్యొద్దు.)

మర్నాడు పడవెక్కి బ్రౌన్‌సీ దీవికి పోయొచ్చా. 1907లో బేడెన్ పవల్ స్కౌట్ల మొదటి ప్రయోగాత్మక క్యాంపు పెట్టింది అక్కడే. ఎర్ర ఉడతలు తిరుగుతాయన్నారు, నాకు ఒకే ఒక్కటి, అదీ తోక మాత్రమే కనబడింది. నాకు నచ్చిన విషయం ఇంకోటి. పూల్ హార్బర్ ప్రపంచంలోని పెద్ద సహజ నౌకాశ్రయాల్లో ఒకటి, కానీ సగటు లోతు సుమారు అర మీటరే! ఓడలు పోయే కాలువలు వదిలేస్తే మిగతాదంతా మోకాలి లోతు నీళ్ళు. అంటే ఊరి ముందు దేవుడు పరిచిన పెద్ద బాత్‌టబ్ అన్నమాట. బాత్ బాంబు ఈ ఊళ్ళోనే పుట్టడంలో ఆశ్చర్యం లేదని పడవలో ఒక్కణ్ణే నవ్వుకున్నా.

ఆ రాత్రి ఇంటర్‌గెలాక్టిక్. ఇది బాంబు అన్న పేరుకు న్యాయం చేసింది. లోపల చిటపటలాడే మిఠాయి పలుకులుంటాయి. నీళ్ళలో పడగానే పోపు పెట్టినట్టు ఒకటే చిటపట. రంగులు హోలీ. వాసన పిప్పరమెంటు, కాస్త పంపరపనస. ఒళ్ళంతా చల్లగా, అమృతాంజనం డబ్బాలో దిగినట్టుంది. రిలాక్స్ అవడానికి మాత్రం పనికిరాదు. కోడింగ్‌కి కూర్చునే ముందైతే ఓకే.

ఆదివారం తిరుగు రైల్లో ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. ఎక్కడికెళ్ళావంటే చెప్పా.

"స్నానం చేసేకి రైలెక్కి పోయినావా?" అంది. తర్వాత అసలు ప్రశ్న. "ఎన్ని బక్కెట్లు పట్టినాయి అబ్బీ?"

లెక్క నాకూ తెలీదు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని అదే. పది లీటర్ల బక్కెట్టుతో నా టబ్బు నింపా. ఛాతీ దాకా మునగడానికి పదకొండు బక్కెట్లు. 110 లీటర్లు. మన జల్ జీవన్ మిషన్‌లో పల్లెల్లో మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. తాగడానికి, వండటానికి, గిన్నెలకు, బట్టలకు అన్నిటికీ కలిపి. నా ఒక్క స్నానం ఒక మనిషికి రెండు రోజుల నీళ్ళు. అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "మీ అవ్వ ఉండింటే చీపురు తిరగేసేది" అని మాత్రం అంది. నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వు నాకు సరిగ్గా వినపడలేదు.

ఇక్కడ నీళ్ళకేం కొదవ, రోజూ వానే కదా అంటారు మన ఫ్రెండ్స్. 2025 వేసవిలో దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల తోటకు పైపు పెట్టి నీళ్ళు పట్టకూడదని నిషేధం పెట్టారు. గడ్డికి నీళ్ళు పోస్తే ఫైన్, టబ్బు నింపుకుంటే ఎవరూ అడగరు. నాకైతే ఆ రూల్ అర్థం కాలేదు.

మూడో బాంబు దాని తర్వాతి వారం. పేరు సెక్స్ బాంబ్. అమ్మకి పేరు చెప్పలేదు, "మల్లెపూల వాసనది" అన్నా. నిజంగానే అందులో ముఖ్యమైనది జాజి, మల్లెల నుంచి తీసే అత్తరు. ప్రపంచంలో అత్తర్ల కంపెనీలు వాడే ఈ సరుకులో చాలాభాగం ఈజిప్టు నుంచి, మన పక్కనే తమిళనాడు నుంచి వెళుతుంది. టబ్బులో వేయగానే అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సాయంత్రం పూలమ్మేవాళ్ళు గుర్తొస్తారని ఆశపడ్డా. రాలేదు. మూర మల్లెపూలలో తడి గుడ్డ వాసన, అరటి నార వాసన కూడా ఉంటాయి. ఇందులో అవి లేవు. పెళ్ళి రిసెప్షన్‌లో ఎవరో పక్కనుంచి నడిచి వెళ్ళినట్టుంది. బాగానే ఉంది.

ఆ రోజు సగం బాంబే వాడా, టబ్బు కూడా సగమే నింపా. మోకాళ్ళు బయటే ఉన్నాయి. వాసనలో ఏమాత్రం తేడా రాలేదు. కత్తితో కోస్తే రెండు ముక్కలవుతుంది, పొడి డబ్బాలో దాచుకుంటే వారమైనా బుస తగ్గదు. ఇది డబ్బాల మీద రాయరు కాబట్టి నేను రాస్తున్నా.

నాలుగోది బటర్‌బాల్. తెల్లగా, చూడ్డానికి రవ్వలడ్డులా ఉంటుంది. రంగు లేదు, మెరుపులు లేవు, రీల్ తీయడానికి ఏమీ లేదు. లోపలంతా కోకో బటర్ ముక్కలు. రెడింగ్ నీళ్ళు మా ఊరి బోరు నీళ్ళ లాగే ఉప్పునీళ్ళు, కెటిల్ అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది. చలికాలంలో ఆ నీళ్ళకి కాళ్ళు గీరితే తెల్ల గీతలు పడతాయి. దీంతో స్నానం చేసి లేచాక నూనె తలంటు అయినప్పటి నునుపు ఒంటికి పట్టుకుంది. జారుతుంది, లేచేటప్పుడు గోడ పట్టుకోండి. నాలుగింటిలో నా ఓటు దీనికే.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇంకో బటర్‌బాల్ కొని సూట్‌కేసులో పెట్టుకున్నా. అమ్మకి మడమల పగుళ్ళు, సాయంత్రమయ్యేసరికి కాళ్ళ నొప్పులు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బులో అర బక్కెట్టు వేడినీళ్ళు పోసి, వరండాలో కుర్చీ వేసి అమ్మ కాళ్ళు అందులో పెట్టించా. ముక్క వేయగానే బుస్సుమంది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది, మళ్ళీ పెట్టింది.

"ఈనో మాదిరే ఉంది కదరా!"

సోడా ఉప్పు చెట్లకు మంచిది కాదని, తర్వాత ఆ నీళ్ళు అరటి చెట్టుకి వద్దన్నా. సరేనని చీపురు తెచ్చి ఆ నీళ్ళతోనే వాకిలి కడిగేసింది. రాత్రి దాకా వాకిట్లో వెనిల్లా వాసన. ఎదురింటి అత్త వచ్చి, ఏం వండుతున్నారని అడిగి వెళ్ళింది. మిగిలిన మూడు ముక్కలు ఇప్పుడు వంటింట్లో కారం డబ్బా పక్కన స్టీలు డబ్బాలో ఉన్నాయి. నెలకొకటి చొప్పున వాడుతుందట.