పసుపు ఊళ్లో పసుపు కాడల చెట్టు

బాలలూ! నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు అనే ఊరున్నది. ఆ ఊరికి వెళ్లేవారి కంటికి మొదట ఆనేది నవనాథ సిద్ధుల గుట్ట. నల్లని బండలు, ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్లుంటాయి. ఆరూ మూడూ కలిస్తే తొమ్మిది గదా! తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేసిన చోటు గనుక ఆర్మూరు అయిందని పెద్దలు చెబుతారు.

గుట్ట దిగి పొలాలవైపు నడిస్తే ఎక్కడ చూసినా పసుపు చేలే. తొలకరికి విత్తనపు కొమ్ములు నాటుతారు. సంక్రాంతి దాటాక తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబోస్తారు. ఆ రోజుల్లో గాలి కూడా పసుపు వాసన వేస్తుంది.

ఈ ఊళ్లోనే ఇళ్ల ముందు కుండీల్లో ఇంకొక పసుపు రంగు కనిపిస్తుంది. వెదురు పొదలాగా గుంపుగా లేచిన సన్నని కాండాలు, వాటికి కణుపుల గుర్తులు, ఈకల్లాగా చీలి వంగిన ఆకులు, బంగారు రంగు కాడలు. దీనిని అరెకా పామ్ అంటారు. ఆ పేరు విని వక్కలిచ్చే పోకచెట్టు అనుకోకండి. అది వేరు, ఇది వేరు. కాని పోక, తాడి, ఈత, కొబ్బరి, ఇదీ అన్నీ ఒకే కుటుంబం. దీని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో ‘ల్యూటెసెన్స్’ అనే మాట ఉన్నది. లాటిన్ భాషలో దానికి ‘పసుపు రంగుకు తిరిగేది’ అని అర్థం!

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు మా బడి ముందు ఈ మొక్కను నాటించాను. నల్లరేగడి నేలలో గుంట తీయించి, నీళ్లు పోసే పని ఆరో తరగతి పిల్లవాడికి అప్పగించాను. రెండు నెలలకు ఆకుల కొనలు మాడాయి. తరువాత ఆకులే వాలిపోయాయి.

“నీళ్లు పోయకుండా ఎండబెట్టావా?” అని అందరిముందూ వాణ్ణి కోప్పడ్డాను.

“పొద్దున ఒక బకెట్, మాపున ఒక బకెట్ పోసిన సార్” అని వాడు ఏడ్చాడు. నేను నమ్మలేదు.

మరునాడు ఒక పసుపు రైతు బడికి వచ్చాడు. మొక్క మొదట్లో మట్టి పిసికి వాసన చూసి, “సార్, పసుపు మడిల నీళ్లు నిలిస్తే ఏమైతది?” అన్నాడు.

“దుంప కుళ్లుతుంది.”

“మరి ఇదీ అంతే గద!”

మొక్కను పెరికి చూస్తే వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి.

కారణం తెలుసా? వేళ్లు కూడా గాలి పీలుస్తాయి. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలే వాటికి ఆధారం. ఆ సందులన్నీ నీటితో నిండితే వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుచేత మొక్క నీళ్లలో నిలబడి కూడా దాహంతో ఎండుతుంది. చూసేవారు నీళ్లు చాలలేదనుకొని ఇంకా పోస్తారు!

తప్పు పిల్లవాడిది కాదు, నాది. ప్రార్థన సమయంలో అందరి ఎదుటా ఆ మాట వాడితో చెప్పాను. రెండో మొక్కను వాడే నాటాడు. పసుపు బోదెలాగా మట్టిని ఎత్తుగా పోసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపాడు. ఆ మొక్క బతికింది.

మీరూ పెంచాలంటే ఇవి గుర్తుంచుకోండి. కుండీ అడుగున రంధ్రం ఉండాలి. మట్టిలోకి వేలు దించి చూసి, పైన అంగుళం మేర ఆరిన తరువాతే నీళ్లు పోయాలి. లేత మొక్కకు పొద్దుటి ఎండ మంచిది. మన వైశాఖపు మధ్యాహ్నపు ఎండ, వడగాడ్పు దానిని మాడుస్తాయి. 10 డిగ్రీల లోపు చలి కూడా గిట్టదు. కాండం కొన నరకవద్దు. కొత్త ఆకు పుట్టేది అక్కడే. అది పోతే ఆ కాండం ఇక పెరగదు. నేలలో బాగా కుదురుకుంటే ఈ చెట్టు 20 అడుగులు దాటుతుంది.

మీ ఇంట్లో ఏ మొక్కైనా వాడితే చెంబు ఎత్తేముందు మట్టిని తాకి చూడండి. ఎవరినైనా కోప్పడేముందు కూడా వేరు దాకా చూడటం మంచిది. ఇది నాకు ఆరో తరగతి పిల్లవాడు నేర్పిన పాఠం.