మెదడును చూపించిన చెయ్యి

మెదడు గురించి ఏం చదివినా చివరికి నాడీ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ గీసిన బొమ్మల దగ్గర ఆగిపోతాను. 1852లో స్పెయిన్‌లో పుట్టిన ఈయనకు చిన్నప్పుడు చిత్రకారుడు కావాలని కోరిక. వైద్యుడైన తండ్రి ఒప్పుకోలేదు. శ్మశానానికి తీసుకెళ్లి, దొరికిన ఎముకల బొమ్మలు వేయించి శరీర నిర్మాణం నేర్పాడు.

ఇటలీలో కమిల్లో గోల్జీ 1873లో ప్రకటించిన, కణాలకు రంగు పట్టించే వెండి లవణాల పద్ధతిలో ఒక విశేషం ఉంది. మెదడు ముక్కలో అన్ని కణాలకూ రంగు పట్టదు, ఏ కొన్నింటికో పడుతుంది. అన్నీ నల్లబడితే ఏదీ విడిగా కనిపించేది కాదు. కహాల్ అదే పద్ధతి వాడి, ఆ కొన్నింటినే గంటల తరబడి చూసి గీశాడు. చిన్నమెదడులోని పర్కింజీ కణాన్ని ఆయన గీస్తే, కొమ్మలన్నీ చాచిన చెట్టులా ఉంటుంది.

నాడీ వ్యవస్థంతా విడదీయలేని ఒకే వల అన్నాడు గోల్జీ. కాదు, ఏ కణానికి ఆ కణం విడి అన్నాడు కహాల్. సంకేతం ఎటు వెళ్తుందో బొమ్మల్లో బాణం గుర్తులు కూడా పెట్టాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కణాల మధ్య ఖాళీని 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించింది. కహాల్ చెప్పిందే నిజమైంది.

బొమ్మ వేయాలంటే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చుకోవాలి. గీయడం కూడా ఆలోచించడమే. అందుకే బయాలజీ రికార్డు రాసే పిల్లలకు “అందంగా వెయ్యి” అనేకంటే “బాగా చూసి వెయ్యి” అని చెబుదాం.