ఎండల ఊరికి వేడిగాలి లెక్క

మే నెల మధ్యాహ్నం మార్కాపురంలో పలకరాయి మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఇంత వేడిగాలి ఊరికే దొరుకుతుంటే బెలూన్ ఎగరెయ్యడం ఎంతసేపు అనిపిస్తుంది. తీరా చూస్తే లెక్క అడ్డం తిరుగుతుంది. బెలూన్‌ని లేపేది ఉత్త వేడి కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా. లోపలి గాలి ఎంత పలచబడితే అంత బరువు మోస్తుంది. బయటే నలభై డిగ్రీలుంటే ఆ తేడా తరిగిపోతుంది. గుడ్డ ఓర్చుకునే వేడికీ హద్దుంది కదా! అందుకే బెలూన్‌కి చల్లని రోజులే కలిసొస్తాయి.

1783 నవంబరు 21న పారిస్‌లో మోంగోల్ఫియే సోదరుల బెలూన్‌లో ఇద్దరు మనుషులు తొలిసారి తాళ్లు లేకుండా ఎగిరారు. 2017లో మన అరకులో బెలూన్ల పండుగ జరిగిందీ నవంబరులోనే. గిద్దలూరు దగ్గర నల్లమల అందం పైనుంచి చూడాలన్నా శీతకాలపు వేకువే మేలు. ఎండెక్కాక నేల వేడికి గాలి సుడులు తిరుగుతుంది. ఆ వేళప్పుడు బెలూన్ ఎక్కమని ఎవరు పిలిచినా వెళ్లకండి.