మామ కడుపులో తిత్తి

మా మామకి మూడేళ్ళుగా "గ్యాస్". కుడివైపు పక్కటెముకల కింద బరువు, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండడం, అప్పుడప్పుడు వికారం. అడిగితే "గ్యాసేలేరా, మాత్ర ఏసుకుంటే పోతాది" అనేవాడు. అనంతపురం దగ్గర పల్లె, అరవై గొర్రెలు, రెండు కుక్కలు. ఆయన ఆస్పత్రికి పోతే ఆ పూట జీవాల్ని ఎవరు తోలాలి?

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేనే పట్టుబట్టి స్కానింగ్‌కి తీసుకెళ్ళా. లివర్‌లో పన్నెండు సెంటీమీటర్ల నీటి తిత్తి, దాని లోపల మళ్ళీ పిల్ల తిత్తులు. రిపోర్ట్ చూడగానే డాక్టర్ అడిగింది ఒకటే: "గొర్రెలున్నాయా? కుక్కలున్నాయా?"

దీన్ని హైడాటిడ్ సిస్ట్ అంటారు. ఎకినోకాకస్ అనే బద్దెపురుగు వల్ల వస్తుంది. బద్దెపురుగంటే నేను మీటర్ల పొడవు ఊహించుకున్నా, ఇదేమో కొన్ని మిల్లీమీటర్లే! కుక్క పేగుల్లో ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో మట్టిలోకి, ఆకుకూరల మీదికి, కుక్క బొచ్చుకి చేరి, అక్కణ్ణించి మన చేతుల మీదుగా నోట్లోకి వస్తాయి. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటుకోదు. ఆ మాట డాక్టర్ చెప్పేదాకా అత్త మామ కంచం విడిగా పెట్టింది పాపం.

ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవడమే దీంతో వచ్చిన చిక్కు. ఎర్రర్ మెసేజ్ ఇవ్వని బగ్ లాంటిది. తిత్తి మెల్లగా పెరిగి పక్కనున్నదాన్ని నొక్కితేనే బయటపడుతుంది. ఎక్కువగా లివర్‌లోనే వస్తుంది. పైత్యరసం పోయే దారిని నొక్కితే కామెర్లు కూడా రావచ్చు. ఊపిరితిత్తుల్లో ఉంటే దగ్గు, ఛాతీ నొప్పి, ఆయాసం. పగిలితే మాత్రం ప్రమాదం: ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావడం. అది విన్నాక ఆపరేషన్ అయ్యేదాకా మామ దగ్గినా నాకు భయమే. ముందు ఆల్బెండజోల్ మాత్రలు, తర్వాత ఆపరేషన్. ఇప్పుడు బానే ఉన్నాడు.

నన్ను వదలనిది వేరే ఉంది. చిన్నప్పుడు జాతరకి పొట్టేలు కోసినప్పుడు కార్జం మీద తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే, మామ ఆ ముక్క కోసి పక్కన పడేసేవాడు. దాన్ని కుక్కకి వేసే డ్యూటీ నాది. అది తోక ఊపుకుంటూ తినేది, తర్వాత నా చెయ్యి నాకేది. కుక్కకి ఈ పురుగు వచ్చేది అలాంటి పచ్చి ముక్కల నుంచే. మామకి ఏ కుక్క నుంచి, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అయినా ఆ ముక్కలు వేసింది నేనే కదా.

ఈసారి జాతరకి మామ లోతుగా గుంట తవ్వించి అవన్నీ పూడ్పించాడు. కుక్కలకి పురుగుల మందు కూడా వేయిస్తున్నాడు.

నన్ను కూడా స్కానింగ్ చేయించుకోమని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా పోరుతోంది. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాంలే అన్నా. నాకేం గ్యాస్ కూడా లేదు.