మా పిల్లల్ని బడికి ఎందుకు పంపడం లేదంటే

"పిల్లల్ని బడి మాన్పించారట, ఎందుకండీ?" అని చర్చిలో, చుట్టాల్లో చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుదామని ఈ పోస్ట్.

మాకు బడి అంటే చిన్నచూపు లేదు. మిషన్ బడులే లేకపోతే మా తాతల తరానికి అక్షరమ్ముక్క వచ్చేది కాదు. 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ పేరు మా ఇంట్లో ఇప్పటికీ గౌరవంగానే తలుచుకుంటాం.

కానీ పొద్దున్నే వ్యాన్, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి హోంవర్క్. ఇక కుటుంబ ప్రార్థనకు పిల్లలు మెలకువగా ఉండేదెప్పుడు? పిల్లలకు దేవుని మాట నేర్పే పనిని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం పెద్దవాళ్లకే అప్పగించింది. దాన్ని సండే స్కూల్ గంటకు వదిలేయలేకపోయాం.

ఇప్పుడు పొద్దున్నే సామెతల గ్రంథం. 31 అధ్యాయాలు, తేదీకొకటి. పాప తెలుగులోనే చదువుతుంది. వత్తుల దగ్గర తడబడితే వాళ్ల నాన్న వేలు పెట్టి చూపిస్తారు. బాబుకు భిన్నాలు అర్థమయ్యేదాకా లెక్కల పాఠం ముందుకు కదలదు. ర్యాంకుల గొడవ లేదు.

"మరి టెన్త్ సర్టిఫికెట్?" అంటారా? 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. అది జాతీయ స్థాయి బోర్డే, పై చదువులకు చెల్లుతుంది.

సాయంత్రాలు వీధిలో అన్ని మతాల పిల్లలతోనూ ఆటలు. వాళ్లను లోకానికి దూరంగా పెంచడం మా ఉద్దేశం కాదు. అందరూ ఇలాగే చేయాలనీ అనం. మా పిల్లలు దేవుణ్ణి, పొరుగువాళ్లను ప్రేమించాలి, చదువును ఇష్టపడాలి. అందుకే ఈ బాధ్యత మేమే తీసుకున్నాం. మా కోసం ప్రార్థించండి.